తాగుడు మానాలనుకునేవాడి మాట

యానాం చిన్న ఊరు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పక్కన గౌతమీ గోదావరి. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమైంది. అందుచేత అక్కడి మద్యం చట్టం వేరు, పన్ను వేరు. 1995 జనవరి 16న ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చినప్పుడు, ఆ చట్టం యానాం పొలిమేర దగ్గర ఆగిపోయింది. అవతల నేరమైన అమ్మకం ఇవతల చట్టబద్ధమే. చట్టానికి పొలిమేర ఉంది గాని, తాగుడు జబ్బుకు లేదు.

అదే గోదావరి వెంట పైకి వస్తే మన మన్యం. తాగుడు మీద ఎవరి మాట చెల్లాలి అనే తగవు ఇక్కడ పాతదే. కొండరెడ్లు, కోయలు తమ ఇంటి అవసరానికి జీలుగు కల్లు, తాటికల్లు గీసుకునేవారు. పండుగలో దేవతకు పోసేది కూడా అదే. బ్రిటిషు ప్రభుత్వపు అబ్కారీ చట్టం కల్లు హక్కును గుత్తేదార్ల చేతిలో పెట్టింది. సొంత చెట్టు కల్లుకు పన్ను కట్టవలసి వచ్చింది. 1879 మార్చిలో రేగిన రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాలలో ఇది ఒకటి. అల్లూరి సీతారామరాజు 1922 తిరుగుబాటుకు ముందు మన్యంలో తిరుగుతూ, తాగుడు మానమని, తగవులు పంచాయతీలో తీర్చుకోమని చెప్పాడు. కల్లు మీద హక్కు, తాగుడు మీద అదుపు, ఈ రెండూ మనవే అన్నది ఆనాటి నుంచీ ఉన్న మాట.

తర్వాతి మాట ఆడవాళ్లది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో చదువుకున్న స్త్రీలు 1992లో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతటా తెలిసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది.

ఇంత చరిత్రలో గుత్తేదారు, అధికారి, నాయకుడు, ఇల్లాలు కనిపిస్తారు. తాగుడు మానాలనుకుని మానలేకపోయిన మనిషి మాత్రం కనిపించడు. అతన్ని తిట్టారు, జాలిపడ్డారు, అడగలేదు. ఏళ్ల తరబడి బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్సు రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అతనికి కావలసింది వైద్యం. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైనవారిలో ప్రతి 38 మందికి ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది.

పరిశోధనలోనూ ఇదే లోటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో తాగుడు తీవ్రతను కొలిచే పది ప్రశ్నల పత్రం తయారు చేసింది. దాన్ని ఆరు దేశాలలో పరీక్షించి తయారు చేశారు. వాటిలో భారతదేశం లేదు. అందులో ఒక ప్రశ్న, తాగిన రోజున ఎన్ని డ్రింకులు తాగుతారని. ఆనపబుర్రలో కల్లు, డొప్పలో ఇప్పసారా తాగే మనిషి దీనికి ఏమని జవాబు చెప్పాలి? పండుగనాడు దేవత పేర తాగిన బుర్రనూ, సంతలో కూలి డబ్బులన్నీ పోసి తాగినదానినీ ఒకే గడిలో రాస్తే లెక్క తప్పుతుంది. ఊరంతా రోగులుగా కనిపించవచ్చు, నిజమైన రోగి దొరక్కపోవచ్చు. ఈ తేడా చెప్పగలిగినవాడు ఆ ఊరి మనిషే.

రోగి అనుభవానికి విలువ ఇచ్చినచోట ఫలితం కనిపించింది. 1935లో అమెరికాలో ఒక డాక్టరు, ఒక షేర్ల వ్యాపారి, ఇద్దరూ తాగుబోతులే, ఒకరికొకరు ఆసరాగా నిలిచారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. చెన్నైలోని టి.టి. రంగనాథన్ సంస్థ తమిళనాడు మంజకుడి గ్రామంలోనే శిబిరాలు పెట్టి, కుటుంబాన్ని కలుపుకొని వైద్యం చేసింది. గోవాలో సంగత్ సంస్థ డాక్టర్లు కానివారికి శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో తాగుడు ఎక్కువైన మగవాళ్లతో మాట్లాడించింది. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం, మూడు నెలల తర్వాత అలాంటి సలహా పొందినవారిలో 42 శాతం మంది అంతకుముందు రెండు వారాలు తాగలేదు. మామూలు వైద్యం పొందినవారిలో అలాంటివారు 18 శాతం.

మన్యం యువతకు, ఉపాధ్యాయులకు ఇందులో పని ఉంది. సర్వే చేసేవారు వస్తే, ప్రశ్నలను ముందు గ్రామసభలో చదవమనండి. వాటిని కోయ భాషలోకి మార్చడానికి తోడ్పడండి. తాగుడు మానినవారిని, మానే ప్రయత్నంలో ఉన్నవారిని ఆ బృందంలో చేర్చమనండి. ఒప్పుకోనివారిని వదిలేయాలి, పేర్లు బయటపడకూడదు, తేలిన ఫలితం ఊరికి తిరిగి చెప్పాలి.

1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తుపదార్థాల అమ్మకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. దుకాణం గురించి మాట్లాడే హక్కు అలా కాగితం మీదికి వచ్చింది. వైద్యం ఎలా ఉండాలో చెప్పే హక్కు కూడా రావాలి. ఆ సభలో మొదటి మాట, మానాలనుకుంటున్న మనిషి చేత చెప్పించాలి.