ఇసుక నేర్పిన పాఠం: కల్లణై నుంచి మేడిగడ్డ దాకా

మే 15 వచ్చిందంటే గోదావరి డెల్టా ఊళ్లలో కాటన్ విగ్రహాలకు పూలదండలు పడతాయి. 1803లో ఆ రోజున పుట్టిన ఆర్థర్ కాటన్‌ను అక్కడి రైతులు నేటికీ ‘కాటన్ దొర’ అనే తలుచుకుంటారు. ఆ కృతజ్ఞతకు ఆయన అన్నివిధాలా అర్హుడు. కానీ ఆయన గోదావరి మీద కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట కథకు బీజం పడింది కావేరి ఇసుకలో, దాదాపు రెండు వేల ఏళ్ల కిందట.

కరికాల చోళుడు కావేరి మీద కట్టించాడని చెప్పే కల్లణై ఆనకట్ట తంజావూరు పొలాలను తరతరాలుగా తడుపుతోంది. తర్వాతి శతాబ్దాల్లో మన వైపు కాకతీయులు రామప్ప, పాకాల లాంటి చెరువులతో వాగుల నీటిని ఒడిసిపట్టారు. డెల్టా ముఖాన గోదావరికి అడ్డుకట్ట మాత్రం పడలేదు. 1790లలో మైఖేల్ టాపింగ్ అనే సర్వేయరు ఈ నీళ్లను పొలాలకు మళ్లించవచ్చని ఈస్టిండియా కంపెనీ పెద్దలకు సూచించాడు. 1796లో ఆయన మచిలీపట్నంలో కన్నుమూశాడు. సూచన అర్ధశతాబ్దం పాటు మూలన పడింది.

ఆ జాప్యానికి జనం ప్రాణాలతో మూల్యం చెల్లించారు. 1833లో కరువు, 1839లో కోరంగి ఉప్పెన. 1821లో 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. పక్కనే నిండుగా పారే నది సముద్రంలో కలుస్తుంటే పైరు ఎండిపోయింది.

కాటన్ అప్పటికే తంజావూరు ప్రాంతంలో పనిచేసి కల్లణైని పరీక్షగా చూశాడు. చోళుల మేస్త్రీలు గట్టి రాతినేల కోసం వెతకలేదు. నదిలో బండరాళ్లు వేశారు. అవి ఇసుకలో దిగబడితే పైన మళ్లీ వేశారు. ఇక దిగవని తేలాకే వాటి మీద కట్టడం లేపారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం తాము వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ రాసుకున్నాడు. పాలిస్తున్న దేశపు పాత పనివాళ్లను గురువులుగా ఒప్పుకున్న ఆ మాట నాకు ఆయన కట్టిన ఆనకట్టంత గొప్పగా కనిపిస్తుంది. ఆ విద్యతోనే 1836లో కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి, ధైర్యంగా గోదావరికి వచ్చాడు.

ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలను వేర్వేరుగా కట్టుకు రావచ్చు. ఒడ్డునే కొండ ఉంది, రాయికి కొదవలేదు. 1847లో పని మొదలైంది. వేలమంది కూలీలు కొండను తొలిచారు. రాళ్లు పట్టాల మీద, పడవల మీద కదిలాయి. ఇసుకలో బావులు దించి వాటి మీద గోడలు కట్టారు, దిగువన మోటురాళ్లు పరిచారు. ఒక పాయ మూసేకొద్దీ వరద మిగతా పాయల మీద విరుచుకుపడేది. ఎండదెబ్బకు కాటన్ మంచాన పడి సెలవు మీద వెళితే ఆయన కింద పనిచేసే ఇంజనీరు కెప్టెన్ ఆర్ భారమంతా మోశాడు. కూలీలను సమకూర్చి పనులు నడిపించిన వీణం వీరన్న పేరు డెల్టా నేటికీ మరచిపోలేదు. 1852 నాటికి నాలుగు పాయలూ ఆనకట్టకు లొంగాయి.

అక్కడి నుంచి మన కాలం వైపు వస్తే దారి ఇంత తిన్నగా సాగదు. పాత ఆనకట్ట స్థానంలో 1982కల్లా కాటన్ బ్యారేజీ నిలిచింది. నదులను కాలువలతో కలపాలన్న ఆయన ఆలోచన 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరిని కృష్ణకు చేర్చింది. ఆయన కోరుకున్న సరుకు పడవలు మాత్రం కాలువల మీద కనుమరుగయ్యాయి. పోలవరం ప్రాజెక్టు కోసం కోయ, కొండరెడ్డి గిరిజనులు ఊళ్లు వదులుకోవాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో ఎగువన గోదావరి మీదే ఉన్న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. పునాది కింద ఇసుక కదిలిపోవడాన్ని కేంద్ర నిపుణులు ఎత్తిచూపారు.

ఇసుకలో పునాదే కీలకమని రెండు వేల ఏళ్ల కిందట తెలిసిన విషయమే మళ్లీ మన ముందుకు వచ్చింది. టాపింగ్ సూచనను పట్టించుకోని తరానికి కరువు బదులు చెప్పింది. మేడిగడ్డ హెచ్చరికను మనం అలా వదిలేయకూడదు. ప్రతి వరద తర్వాతా ప్రతి బ్యారేజీ పునాదినీ పరీక్షించాలి, ఆ నివేదిక ఆయకట్టు రైతు చేతికి అందాలి. ఆ నీటి మీద బతికేవాడికి అది హక్కు.