చేతికందని డబ్బుకు పద్దు

మార్చి నెలాఖరుకు వరంగల్ ఎనుమాముల మార్కెట్ నిండా మిర్చి ఘాటే. బస్తాలు కాంటా అవుతాయి, ధర ఖరారవుతుంది, అడ్తిదారుకు రావలసిన కమీషనూ తేలిపోతుంది. డబ్బు మాత్రం ఏప్రిల్‌లో అందవచ్చు. లెక్కల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది కదా, మరి ఆ కమీషన్ ఏ ఏడాది ఆదాయం? సంపాదించిన ఏడాదిదా, చేతికొచ్చిన ఏడాదిదా? మనుషులు ఏడు వందల ఏళ్లుగా తేల్చుకుంటూ వస్తున్న ప్రశ్న ఇది.

ఓరుగల్లును ప్రతాపరుద్రుడు ఏలుతున్న రోజులవి. అదే కాలంలో, దక్షిణ ఫ్రాన్స్‌లోని సలాన్ అనే ఊళ్లో, ఫ్లోరెన్స్ వర్తకులకు చెందిన జొవాన్ని ఫరోల్ఫి కంపెనీకి అమాతినో మనూచ్చి అనే అతను లెక్కలు రాస్తున్నాడు. చాలామంది వర్తకులకు అప్పట్లో తెలిసినవి రెండే దారులు: చేతులు మారిన రొక్కాన్ని రాసుకోవడం, లేదా ఒక్కో బేరం పూర్తిగా ముగిశాక, ఓడ తిరిగొచ్చి సరుకంతా అమ్ముడయ్యాక, లాభం లెక్క చూసుకోవడం. మనూచ్చికి ఈ రెండింటికీ లొంగని చిక్కు ఎదురైంది. కంపెనీ నాలుగేళ్ల అద్దె 16 లీవ్రులు ముందే కట్టేసింది. అంతా ఈ ఏటి ఖర్చే అంటే ఈ ఏడు అన్యాయంగా నష్టపోతుంది, వచ్చే మూడేళ్లు ఉత్త పుణ్యానికి లాభపడతాయి. అతను 4 లీవ్రులనే ఖర్చులో వేసి, మిగిలిన 12ను ఇంకా అనుభవించని ఆస్తిగా నిలిపి ఉంచాడు.

ఎంత సాహసమో చూడండి! పెట్టె ఖాళీ అయినా ఖర్చు ఇంకా కాలేదని రాశాడు. అక్రూవల్ పద్ధతికి, అంటే మన వర్తకులు మర్కంటైల్ పద్ధతి అనేదానికి, ప్రాణం ఆ ఆలోచనే. 1299-1300 నాటి ఆ ఆవర్జాలో కొన్ని పుటలే మిగిలాయి. అద్దె పద్దు వాటిలో ఉండడం మన అదృష్టం. 1494లో లూకా పచోలి వెనీసులో, ప్రతి లావాదేవీనీ రెండు పద్దుల్లో రాసే జంటపద్దు విధానాన్ని అచ్చు వేయించి లోకానికి పంచాడు. మనూచ్చి పేరు మాత్రం శతాబ్దాల పాటు మరుగునే ఉండిపోయింది. చరిత్రకారుడు జెఫ్రీ లీ 1977లో ఆ పుటల గొప్పతనాన్ని విడమరచి చెప్పాడు.

వర్తకుడికి కుదిరిన లెక్క కోర్టుకెక్కేసరికి మళ్లీ చిక్కుపడింది. 1922 నాటి భారత ఆదాయపు పన్ను చట్టం అందిన సొమ్ముపైనే కాదు, సంక్రమించిన ఆదాయంపైనా పన్ను వేసింది. మరి ఎప్పుడు సంక్రమించినట్టు? మిల్లులను కమీషన్‌పై నడిపే మేనేజింగ్ ఏజెన్సీని ఏడాది మధ్యలో ఇతరులకు అప్పగించిన ససూన్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1954లో జవాబు చెప్పింది. డబ్బు అందకపోయినా ఫరవాలేదు గానీ, అడిగి పుచ్చుకునే హక్కు పుట్టి, ఎదుటివాడు బాకీ పడి ఉండాలి. ఏడాది సేవ ముగిస్తే గాని కమీషన్‌పై ఆ హక్కు పుట్టదు కాబట్టి, మధ్యలో వెళ్లిపోయిన ససూన్‌కు ఆ ఏడాది ఆదాయం సంక్రమించలేదని తేల్చింది.

ఆదాయం సంగతి అలా తేలగా, ఖర్చు దగ్గర కొత్త ముడి పడింది. కొందరు వ్యాపారులు అమ్మకపు పన్ను వసూలు చేసుకుని, సర్కారుకు కట్టకుండానే మర్కంటైల్ లెక్క చూపి మినహాయింపు పొందేవారు. దీన్ని ఆపడానికి 1983లో ఆదాయపు పన్ను చట్టంలోకి 43బి సెక్షన్ తెచ్చారు: నిజంగా కడితేనే మినహాయింపు. పాపం, నిజాయితీపరులూ దాంట్లో ఇరుక్కున్నారు. సంవత్సరం చివరి నెల పన్ను కట్టే గడువే తర్వాతి నెలలో ఉంటే, ముందే ఎలా కడతారు? శ్రీకాకొల్లు సుబ్బారావు అండ్ కంపెనీ కేసులో 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ న్యాయాన్ని గుర్తించింది. కట్టే గడువే రాని పన్నుకు ఆ సెక్షన్ వర్తించదంది. కేంద్రం మరుసటి ఏడాదే పాత తేదీ నుంచి వర్తించే వివరణ చేర్చి ఆ దారి మూసేసింది. అయితే రిటర్ను గడువులోగా కడితే చాలనే వెసులుబాటు 1987లోనే చట్టంలోకి వచ్చి ఉంది. అది కూడా మొదటి నుంచీ వర్తిస్తుందని 1997లో అలైడ్ మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పడంతో వ్యాపారులు ఊపిరి పీల్చుకున్నారు. ఒక్క నెల పన్ను కోసం పద్నాలుగేళ్ల పోరాటం!

వ్యాపారుల లెక్కలు ఇలా ముందుకు సాగినా, పట్టణ పురపాలికల లెక్కలు ఇంకా రొక్కం దగ్గరే ఆగిపోయి ఉండేవి. వాటిని అక్రూవల్ పద్ధతికి మార్చేందుకు 2004లో జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ వచ్చింది. 2015లో మొదలైన అమృత్ పథకం వరంగల్ సహా తాను ఎంచుకున్న నగరాలను జంటపద్దు లెక్కలకు మారమంది. ఆ లెక్కల్లో వసూలైన ఇంటి పన్నునే కాదు, ఆ ఏడాది డిమాండ్ మొత్తాన్నీ ఆదాయంగా రాయాలి. ఇంకా రానిది బాకీగా కనిపించాలి. ఏళ్ల తరబడి రాని బాకీ ఉందనుకోండి, అది ఎంత పాతదో చూసి అందుకు తగిన మొత్తాన్ని నష్టం కింద పక్కన పెట్టాలి.