పొలంలో సోలార్: ఒప్పందపు మాటలకు వ్యాఖ్యానం

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పొలం ప్రస్తావన వస్తే ముందు ప్లాట్ల ధర గురించే మాట్లాడతారు. ఆదిబట్లకు ఐటీ, విమాన విడిభాగాల పరిశ్రమలు వచ్చాక ఆ మాటలు మరీ ఎక్కువయ్యాయి. రోడ్డుకు దూరంగా, బోర్లు ఆగి ఆగి పోసే చెలకల్లో మాత్రం సోలార్ ప్లాంటు ప్రతిపాదనకు చోటుంది. ఆ ప్రతిపాదనతో కొన్ని మాటలు కూడా వస్తాయి. సంతకానికి ముందే వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూడాలి. అందుకు మనకున్న పెద్ద అనుభవం కర్ణాటకలోని పావగడ. తుమకూరు జిల్లాలో, మన అనంతపురం సరిహద్దులో, తెలుగు బాగా వినిపించే కరువు సీమ అది. అక్కడ ఐదు ఊళ్ళ పరిధిలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది.

"భూమి మీదే ఉంటుంది": నిజమే. పావగడలో భూమి కొనలేదు, సేకరించలేదు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల చొప్పున రైతుల దగ్గర లీజుకు తీసుకున్నారు. రెండేళ్ళకోసారి కిరాయి 5 శాతం పెరుగుతుంది. వరుస కరువులతో వేరుశనగ చేతికి రాక బెంగళూరుకు వలసపోయిన పట్టాదారుకు అది నికరమైన ఆదాయం. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. కానీ లెక్క వేసి చూడాలి. రెండేళ్ళకు 5 శాతం అంటే ఏడాదికి రెండున్నర శాతం లోపే. ధరలు అంతకంటే వేగంగా పెరిగితే పదిహేనేళ్ళ తర్వాత ఆ కిరాయితో ఇంట్లోకి వచ్చే సరుకు తగ్గిపోతుంది. మన రంగారెడ్డి జిల్లాలో భూమి ధర పెరిగే తీరు చూస్తే, పాతికేళ్ళ పైబడిన లీజు అంటే అమ్ముకునే వీలునూ, పిల్లలకు పంచి ఇచ్చే వీలునూ ఒక తరం పాటు కట్టేసుకోవడమే. కిరాయి ఎంత అన్నదానికంటే ఎలా పెరుగుతుంది అన్నది ముందు అడగాలి.

"ఇది పడావు భూమే కదా": ఈ మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను. రికార్డులో పడావు అని ఉన్నంత మాత్రాన ఆ నేల ఎవరికీ పనికిరావడం లేదని కాదు. వాన పడ్డాక అక్కడ గడ్డి మొలుస్తుంది, గొల్లకురుమల మందలు మేస్తాయి. పాలు అమ్ముకునే ఇంటి ఆడవాళ్ళు మోపులు కోసుకుపోతారు. కట్టెలకూ, సీతాఫలాలకూ పోయే దారులు అక్కడివే. కంచె వేసిన రోజు ఇవన్నీ ఆగిపోతాయి. పావగడలో కిరాయి పట్టాదారులకు అందింది. మేకలు, గొర్రెలు కాసుకునేవాళ్ళు మాత్రం మేతకు దూరం పోవలసి వచ్చింది, కొందరు మందలే అమ్ముకున్నారు. కాగితం మీద పేరు లేనివాళ్ళ నష్టం కాగితం మీదికి రాదు. సోలార్ చర్చలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది ఈ సంగతినే.

"రైతు ఒప్పుకున్నాడు": ఏ రైతు? భూమి రాసి ఉన్నవాడా, దున్నుతున్నవాడా? పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటే, పత్తి పెట్టి అప్పు మోస్తున్నది కౌలుదారు. కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది గనుక లీజు ఒప్పందంలో అతనికి ఎక్కడా చోటుండదు. కలుపు తీసే, పత్తి ఏరే ఆడవాళ్ళ సంగతీ అంతే. ప్లాంటు కడుతున్నన్నాళ్ళు పని బాగానే దొరుకుతుంది. కట్టాక మిగిలేది కాపలా, గడ్డి కోయడం, ప్యానెళ్ళు కడగడం. ఎకరం పత్తి చేలో ఏడాది మొత్తం మీద దొరికే కూలి రోజులతో దాన్ని పోల్చి చూడండి.

"నాలా అయిపోతుంది": వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం. 2006 చట్టం ప్రకారం దానికి రుసుము కట్టాలి. తెలంగాణ 2015 సోలార్ విధానం ఈ దారిని సులువు చేసింది: రుసుము కడితే మార్పిడి జరిగినట్టే లెక్క అని అది చెప్పింది. మారాక ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా ఆ భూమికి వర్తించదు. కిరాయి మాట్లాడుకునేటప్పుడు దీన్ని మినహాయించి చూడాలి. రుసుము ఎవరు కడతారో రాయించుకోవాలి.

"అన్ని అనుమతులూ ఉన్నాయి": ఉండవచ్చు, ఎందుకంటే అడగవలసినవే తక్కువ. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో సోలార్ ప్యానెళ్ళ ప్లాంట్లు లేవు. కాబట్టి చట్టం కోరే ప్రజాభిప్రాయ సేకరణ సభ వీటికి లేదు. భూసేకరణ కాదు గనుక 2013 చట్టంలోని సామాజిక ప్రభావ అధ్యయనమూ ఉండదు. ఈ ప్రాంతంలోనే ఫార్మా సిటీ కోసం ప్రభుత్వం భూములు అడిగినప్పుడు యాచారం మండలంలోని మేడిపల్లి, కుర్మిద్ద, తాటిపర్తి, నానక్‌నగర్ రైతులు అభ్యంతరాలు రాసిచ్చారు, హైకోర్టుకు వెళ్ళారు. సేకరణ చట్టం వాళ్ళకు నిలబడే చోటు ఇచ్చింది. విడివిడిగా కుదిరే లీజులకు అలాంటి చోటు లేదు. అందుకే గ్రామసభలో ముందే మాట్లాడుకోవాలి. చట్టం అడగకపోయినా అడగాలి.

"ప్యానెళ్ళ కింద పంట": సాధ్యమే. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం అర మెగావాటు నుంచి 2 మెగావాట్ల దాకా చిన్న ప్లాంట్లకు వీలిస్తుంది. సాగు భూమిలో పెడితే ప్యానెళ్ళను ఎత్తైన స్తంభాల మీద, వరుసల మధ్య ఎడం వదిలి నిలపాలని చెబుతుంది. ఖర్చు పెరుగుతుంది, కానీ కొత్తిమీర, పాలకూర లాంటివి కొంత నీడకు తట్టుకుంటాయి. నగరానికి కూరగాయలు పంపే ఈ ప్రాంతానికి ఇదే తగినదని నా అభిప్రాయం. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు చాలు గనుక ఊరి రైతులే కలిసి పెట్టుకోవచ్చు. ఇక భూమే అక్కర్లేని దారి కూడా ఉంది: రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్లు 2022 నుంచి తేలుతూ పనిచేస్తున్నాయి.

"గడువు తీరాక": అందరూ దాటేసే నిబంధన. 2022 నాటి ఈ-వేస్ట్ నియమాలు పాత సోలార్ ప్యానెళ్ళ బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. నేలలో పోసిన కాంక్రీటు, పాతిన ఇనుప కాళ్ళు, పూడ్చిన కేబుళ్ళు, చదును చేసినప్పుడు చెరిగిన గట్లు ఆ నియమాల్లోకి రావు. కంపెనీ మధ్యలో చేతులు మారితే ఎవరిని పట్టుకోవాలి? వాటిని తీసి, గట్లు వేసి, పైమట్టి తిరిగి పరిచే ఖర్చును మొదటి ఏడాదే పంచాయతీ, రైతుల ఉమ్మడి ఖాతాలో డిపాజిట్‌గా వేయించుకోవాలి.