చాక్లెట్లు అమ్మనన్న కుర్రాడు

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. "మామయ్యా, చిన్నపిల్లల కథలు బోరు, పెద్దవాళ్ళ నవలలేమో అర్థం కావట్లేదు. మధ్యలో ఏమీ ఉండవా?" అని అడిగాడు. వెంటనే ఏం చెప్పాలో తట్టలేదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో బైండు చేసిన పాత చందమామలుండేవి. అవి అయిపోయాక ఒకేసారి అమ్మ దాచుకున్న యండమూరి నవలల్లోకి దూకాను. మధ్యలో మెట్టు లేదు. ఇంగ్లీషులో ఆ మెట్టు ఎవరు కట్టారో చూద్దామని ఈ మధ్య మూడు పాత అమెరికన్ నవలలు చదివాను. ఏమనిపించిందో ఉన్నదున్నట్టు రాస్తున్నా. కథలు బయటపెట్టేస్తాను, తర్వాత తిట్టుకోకండి.

మొదటిది ఎస్.ఇ. హింటన్ రాసిన 'ది అవుట్‌సైడర్స్' (1967). అప్పటికి ఆ వయసు వాళ్ళకని వచ్చే నవలల్లో చాలావాటికి పెద్ద సమస్య, స్కూలు డాన్సుకి ఎవరితో వెళ్ళాలన్నదే. ఓక్లహోమాలోని టల్సాలో చదువుకుంటున్న ఈ అమ్మాయి చుట్టూ చూస్తే డబ్బున్న పిల్లల గుంపూ, లేనివాళ్ళ గుంపూ కొట్టుకు చస్తున్నాయి. సినిమా చూసి నడిచి ఇంటికెళ్తున్న స్నేహితుణ్ణి ఎవరో చావబాదారన్న కోపంతో పదిహేనేళ్ళకి రాయటం మొదలుపెట్టింది. పుస్తకం వచ్చేనాటికి వయసు 18. సుసాన్ అని పూర్తి పేరు వేస్తే, మగపిల్లల గ్యాంగుల గురించి ఆడపిల్లకేం తెలుసని రివ్యూలు రాసేవాళ్ళు పక్కన పడేస్తారని పబ్లిషరు పొడి అక్షరాలు వేయించారు. అన్నట్టు, ఇది రాస్తున్న ఏడాది క్రియేటివ్ రైటింగ్‌లో ఆవిడకొచ్చిన గ్రేడు 'డి' అట :-)

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ వయసులో చదివితే ఏడుపు కాస్త ఎక్కువైంది. మంటల్లోంచి పిల్లల్ని కాపాడే సన్నివేశం మన సినిమాల్లో ఇంటర్వెల్ ముందు ఫైటులా ఉంది. కానీ అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోతే, ఇరవై ఏళ్ళ అన్న ఇద్దరు తమ్ముళ్ళని సాకుతుంటాడు చూడండి, వాడు ఒక రాత్రి ఆలస్యంగా వచ్చిన చిన్నతమ్ముణ్ణి ఒక్క దెబ్బ కొడతాడు. కొట్టి వాడే బిత్తరపోతాడు. పెద్దవాళ్ళు రాస్తే ఆ దెబ్బకి ఒక నీతి తగిలించేవాళ్ళు. ఈ పిల్ల తగిలించలేదు. కాలిఫోర్నియాలో ఒక స్కూలు పిల్లలు సంతకాలు పెట్టి, దీన్ని సినిమా తియ్యమని కొప్పోలాకి ఉత్తరం రాస్తే ఆయన 1983లో తీశాడు. 'గాడ్‌ఫాదర్' తీసినాయనే.

రెండోదాని గురించి ఎక్కువ రాయను, ఒళ్ళు మండింది. 'గో ఆస్క్ ఆలిస్' (1971). డ్రగ్స్‌కి అలవాటుపడి చనిపోయిన ఒక అమ్మాయి అసలు డైరీ అని చెప్పి, రచయిత పేరు లేకుండా అమ్మారు. లక్షల కాపీలు పోయాయి. తర్వాత చూస్తే అమెరికా కాపీరైటు రికార్డుల్లో రచయితగా ఉన్న పేరు బియాట్రిస్ స్పార్క్స్, నడివయసావిడ. పిల్లల మంచి కోసం అబద్ధం చెప్తే తప్పులేదనుకునే పెద్దవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉంటారు కాబోలు.

మూడోది రాబర్ట్ కార్మియర్ 'ది చాక్లెట్ వార్' (1974). ఇది నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. కార్మియర్ మసాచుసెట్స్‌లో ఒక చిన్న ఊరి పత్రికలో జర్నలిస్టు. వాళ్ళబ్బాయి స్కూలు నిధుల కోసం అమ్మమని ఇచ్చిన చాక్లెట్లు తెచ్చి, నేను అమ్మను అన్నాడు. నిజజీవితంలో ఆ అబ్బాయికేమీ కాలేదు. అయ్యుంటే? అన్న ప్రశ్నే ఈ నవల. ముగింపు మరీ చీకటిగా ఉంది, మార్చమన్నారు కొందరు పబ్లిషర్లు. ఆయన మార్చలేదు. పిల్లల కోసమని రాయటం మొదలుపెట్టలేదు కూడా. ఇది ఆ వయసు వాళ్ళకి సరిపోతుందని చెప్పింది ఆయన ఏజెంటు మారిలిన్ మార్లో. హింటన్‌కీ ఆవిడే ఏజెంటు. (ఈయన ఇంకో నవలలో ఒక పాత్రకి తన ఇంటి ఫోన్ నంబరే పెడితే, పిల్లలు నిజంగానే ఫోన్లు చేసేవాళ్ళు, ఆయన ఓపిగ్గా మాట్లాడేవాడు.)

కథలో స్కూలుకి ఇరవై వేల చాక్లెట్ డబ్బాలొస్తాయి, తలా యాభై. బ్రదర్ లియాన్ అనే టీచరు రోజూ క్లాసులో పేరుపేరునా పిలిచి ఎన్ని అమ్మావని అడుగుతాడు. జెర్రీ అనే కుర్రాడు పదిరోజులు అమ్మనని చెప్పాలని స్కూల్లోని రహస్య ముఠా ఆజ్ఞ. పదిరోజులూ అయిపోతాయి. పదకొండో రోజు కూడా వాడు అమ్మననే అంటాడు, ఈసారి తన ఇష్టంతో. టీచరు వాడి మీద చెయ్యి వెయ్యడు. తోటి పిల్లలే చూసుకుంటారు.

హాజరు పిలిచే ఆ పేజీల్లో నాకు మా ఇంటర్ హాస్టల్ కనిపించింది. అక్కడ చాక్లెట్లు కాదు, ఆదివారం టెస్టు మార్కులు. మా సెక్షన్లో ఒకడు రాత్రి స్టడీ అవర్‌కి రానన్నాడు. వాణ్ణి వార్డెన్ ఏమీ అనలేదు. మా అందరికీ ఔటింగ్ తీసేశాడు. మిగతాది మేమే చూసుకున్నాం. బకెట్ మాయమైంది, రికార్డు చిరిగింది, మెస్సులో పక్కన కూర్చునేవాళ్ళు లేకుండా పోయారు. రెండు వారాలకి వాళ్ళ నాన్న వచ్చి పెట్టె సర్ది తీసుకెళ్ళాడు. నేను వాణ్ణి కొట్టలేదు. మాట్లాడటం మానేశానంతే.

నవలలో గూబర్ అని జెర్రీకి స్నేహితుడుంటాడు. మంచివాడు. తనూ అమ్మటం మానేస్తాడు గానీ, గొడవ ముదిరే సమయానికి ఒంట్లో బాలేదని ఇంట్లో పడుకుంటాడు. చివర్లో వస్తాడు, జెర్రీ దెబ్బలు తిని పడిపోయాక. నవల గురించి రాసేవాళ్ళు జెర్రీ గురించీ, ముఠా నడిపే ఆర్చీ గురించీ రాస్తారు. నాకు మాత్రం గూబర్ పేజీలే మళ్ళీమళ్ళీ చదవాలనిపించింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆడవాళ్ళు దాదాపు లేరు, ఆర్చీ తెలివి కొన్నిచోట్ల నమ్మబుద్ధి కాదు. అయినా మూడింట్లో ఇదే గొప్పది. ఆ వయసులో ఇలాంటిది తెలుగులో ఒక్కటి నా చేతికొచ్చుంటే, వాడి పక్కన మెస్సులో కూర్చునేవాణ్ణా? ఏమో, చెప్పలేను.

అక్క కొడుక్కి ముందు హింటన్ ఇచ్చాను. మూడురోజుల్లో ముగించి ఇంకోటి అడిగాడు. ఇంటర్‌కి వాణ్ణి హాస్టల్లో వేద్దామని బావ అంటున్నాడు. కార్మియర్ ఇంకా నా ల్యాప్‌టాప్ బ్యాగులోనే ఉంది.