ఖాళీ చేతులతో గోదావరి సీమకు



మత్తయి సువార్త 5వ అధ్యాయము 3వ వచనము మనకు కంఠస్థమే. అయినను ఆత్మవిషయమై దీనత్వము అనగానే చేతిలో డబ్బు లేకపోవడమే అనుకొనేవారు మనలో చాలామంది ఉన్నారు. అట్లయితే పస్తులుండే ప్రతివాడూ ధన్యుడే కావాలి గదా! ప్రభువు ఆకలిని పొగడలేదు. ఆకలిగొన్నవారికి రొట్టె పెట్టాడు.

కొల్లేటిని ఒకసారి తలంచుకోండి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ అది పల్లము. నీరు పల్లమెరుగు అంటారు మన పెద్దలు. పల్లముగా ఉన్నందుననే బుడమేరు, తమ్మిలేరు వచ్చి అందులో చేరుతున్నవి. వచ్చిన నీటిని అది తనలోనే దాచుకొనదు, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదులుతుంది. తీసుకొనుటకు ఖాళీ, విడిచిపెట్టుటకు దారి, ఈ రెండూ ఉన్న హృదయాన్ని గూర్చియే నేను చెప్పగోరుచున్నాను.

ఇంగ్లాండులోని ఎక్సెటరు పట్టణంలో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. మంచి రాబడి. ఆయన, భార్య మేరీ మొదట పదియవ వంతు ఇచ్చారు, పిదప నాలుగవ వంతు, చివరకు అవసరానికి మించినదంతా. మిషనరీగా వెళ్లుటకు మేరీకి మొదట ఇష్టము లేదు. బీదల ఇండ్లకు వెళ్లి వారి బాధలు చూసిన మీదట ఆమె మనస్సు మారింది. (భర్త ప్రసంగాల వలన కాదు. బోధకులమైన మేము ఇది గమనించాలి!) 1825లో గ్రోవ్స్ ఈ సంగతిపై చిన్న పుస్తకం ప్రచురించాడు. 1829లో కుటుంబముతో బాగ్దాదు వెళ్లాడు. 1831లో అక్కడ తెగులు వచ్చింది, మేరీ చనిపోయింది.

ఆయన 1833లో మన దేశానికి వచ్చాడు. తిరిగి స్వదేశం వెళ్లి, 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులను వెంటబెట్టుకొని వచ్చాడు. వారు బార్న్‌స్టేపుల్ సంఘస్థులు, సామాన్యులు. వెనుక ఏ సొసైటీ లేదు, నెల జీతము లేదు. తాడేపల్లిగూడెం నుండి దక్షిణానికి, భీమవరం, పాలకొల్లు దాటి వెళితే వచ్చే నరసాపురంలో వారు స్థిరపడ్డారు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు, మట్టి మోసే కూలీల మధ్యకు వారి సువార్త వెళ్లింది. ఊరి బయట ఉంచబడిన ఆ ప్రజలు విన్నారు.

ఇది వినుటకు బాగుంటుంది. కాని 2006లో కొల్లేటిలో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాని యొద్దకు వెళ్లి "సంతృప్తి కలిగియుండు సోదరా" అని చెప్పగలమా? చెప్పడం తేలిక. అతని అప్పు మనం తీర్చము గదా! అపొస్తలుడైన పౌలు కూడా సంతృప్తిని పుట్టుకతో పొందలేదు, నేర్చుకొన్నానని ఫిలిప్పీయులకు 4వ అధ్యాయములో ఒప్పుకొంటున్నాడు. అదియు బంధకములలో నుండి వ్రాశాడు.

గ్రోవ్స్ కూడా తేలికగా నేర్చుకోలేదు. చిత్తూరులో తన చేతులతో సంపాదించి పరిచర్య సాగించాలని వ్యవసాయం, పట్టు పెంపకం ప్రారంభించి నష్టపోయాడు, అప్పులపాలయ్యాడు. అన్నీ విడిచినవానికి మరల డబ్బు బాధ! ఆ సంవత్సరాలు మన ప్రసంగాల్లో వినబడవు. నాకైతే ఎక్సెటరు గ్రోవ్స్ కంటె ఈ చిత్తూరు గ్రోవ్స్ దగ్గరివాడుగా తోస్తాడు. ఇచ్చివేసినప్పుడు ఆయన దాతయే. నష్టపోయినప్పుడు మాత్రమే అడిగి పుచ్చుకొనేవాడయ్యాడు.

1853లో బ్రిస్టలులో, తన బావ జార్జి ముల్లర్ ఇంటిలో ఆయన కన్నుమూశాడు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఏడాది అయ్యింది. గోదావరి నీరు కాలువలెక్కి మన పొలాల వైపు వస్తూ ఉంది.