ఉధ్నా నుంచి తొలిసారి థీమ్ పార్కుకు: కుటుంబంతో బయల్దేరే ముందు తేల్చుకోవాల్సినవి

దీపావళికి సూరత్ బట్టల మార్కెట్లు మూతపడతాయి. మరమగ్గాల కార్ఖానాలు కూడా చాలావరకు ఆగుతాయి. ఉధ్నా, లింబాయత్, డిండోలీ ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాల్లో పెద్దలకు, పిల్లలకు ఒకేసారి సెలవు దొరికే రోజులు ఏడాదిలో ఇలాంటివి కొన్నే. గుజరాత్‌లోని పర్యాటక ప్రదేశాలు కిక్కిరిసిపోయేదీ ఆ రోజుల్లోనే.

కరీంనగర్, వరంగల్, నల్గొండ వంటి ఉమ్మడి జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చిన నేత కుటుంబాలకు సూరత్ కొన్ని తరాలుగా రెండో ఊరు. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. సాంచాల మీద నేసిన మీటర్ల లెక్కన కూలీ వచ్చే ఇంట్లో సెలవు రోజంటే కూలీ లేని రోజు. థీమ్ పార్కుకు వెళ్తే టికెట్ల ఖర్చుతో పాటు ఆ కూలీ కూడా పోయినట్టే. అంత ఖర్చు పెట్టి వెళ్లిన రోజు సగం క్యూలో గడిచినా, పిల్లవాడి ఎత్తు చాలదని గేటు దగ్గర ఆపేసినా ఆ లోటు మళ్లీ పూడదు. అయితే ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇంట్లో ఉండగానే తప్పించుకోగలిగినవే.

ఎక్కడికి వెళ్లాలి?

ఉధ్నాలో ఉండేవారికి నాలుగు దారులున్నాయి.

మొదటిది సూరత్‌లోనే పర్వత్ పాటియా వైపు ఉన్న నీటి పార్కు. ఆటోలో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. చిన్నపిల్లలున్న ఇంటికి, తొలి అనుభవానికి ఇది తేలిక.

రెండోది నర్మదా తీరాన ఉన్న ఏక్తా నగర్, అంటే పాత కేవడియా. 2018 అక్టోబరు 31న ప్రారంభమైన 182 మీటర్ల సర్దార్ పటేల్ విగ్రహం చుట్టూ జంగిల్ సఫారీ, చిల్డ్రన్ న్యూట్రిషన్ పార్కు, పూలవనం, సీతాకోకచిలుకల తోట, రాత్రి దీపాల తోట వచ్చాయి. 2020లో తెరిచిన న్యూట్రిషన్ పార్కు పిల్లల కోసమే కట్టిన థీమ్ పార్కు. చిన్న రైలు పిల్లల్ని పండ్లు-కూరగాయలు, పాలు, ధాన్యాల పేర్లతో ఉన్న స్టేషన్లకు తిప్పుతుంది. రోడ్డు మార్గంలో అంకలేశ్వర్, రాజ్‌పిప్లా మీదుగా ఉధ్నా నుంచి సుమారు 150 కిలోమీటర్లు. 2021 జనవరిలో రైల్వే స్టేషన్ కూడా వచ్చింది. దాదర్ నుంచి సూరత్ మీదుగా వెళ్లే రాత్రి రైలు వడోదర చుట్టూ తిరిగి ఉదయానికి అక్కడ దించుతుంది.

మూడోది ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్‌వే దగ్గర ఖోపోలీ వద్ద 2013లో తెరిచిన ఇమాజికా. పెద్ద రోలర్ కోస్టర్లు ఎక్కాలనుకునే యువతకు ఇది అసలైన థీమ్ పార్కు. సూరత్ నుంచి ముంబయికే రైల్లో 263 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్లీ కొండల దిగువ దాకా వెళ్లాలి. ఒక్కరోజులో పోయి రావాలనుకుంటే పిల్లలు పార్కు చేరేసరికే అలసిపోతారు. ఒక రాత్రి బస ఖర్చు కలుపుకొనే లెక్క వేసుకోవాలి.

నాలుగోది, వేసవిలో పెళ్లిళ్లకో దసరాకో ఊరు వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో ఒక రోజు ఆగడం. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా, 1996 నుంచి ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీ అక్కడ ప్రధానమైనవి. రైలు ఖర్చు ఎలాగూ ఊరికి వెళ్లే ప్రయాణంలోనే కలుస్తుంది. బోర్డులు తెలుగులో ఉంటాయి, పెద్దవాళ్లకు సిబ్బంది మాట అర్థమవుతుంది. చాలా కుటుంబాలు పట్టించుకోని ఈ దారే కొందరికి అన్నిటికంటే చవక.

ఏ రోజు వెళ్లాలి?

రోజును సరిగ్గా ఎంచుకుంటే మిగతా సగం పని అయిపోయినట్టే. గుజరాత్‌లో దీపావళి మర్నాడో, ఆ తర్వాతో వచ్చే బెస్తు వరస్ నుంచి లాభ్ పాంచమ్ దాకా రద్దీ ఎక్కువ. లాభ్ పాంచమ్‌కు దుకాణాలు, మార్కెట్లు తెరుచుకుంటాయి కానీ బడి సెలవులు ఆ తర్వాత కూడా కొన్ని రోజులుంటాయి. మగ్గాలు పూర్తిగా ఊపందుకోని ఆ కొద్ది రోజులే ఉధ్నా కుటుంబాలకు అనువైన సమయం. అది కుదరకపోతే ఉత్తరాయణ్ పండుగ దాటాక, పరీక్షలు మొదలవకముందు వచ్చే మామూలు రోజులు చూసుకోవచ్చు. అందులోనూ మంగళవారం నుంచి గురువారం వరకు మేలు.

ఏక్తా నగర్‌కు వెళ్లేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. సోమవారం అక్కడ సెలవు. ఆదివారం రద్దీ అని సోమవారం బయల్దేరితే మూసిన గేట్లే కనిపిస్తాయి. పటేల్ జయంతి అయిన అక్టోబరు 31 ముందూ వెనకా ప్రముఖుల పర్యటనలు, కవాతుల వల్ల సందర్శన వేళలు మారవచ్చు. ఆ తేదీ చాలా ఏళ్లలో దీపావళి సెలవుల దగ్గర్లోనే పడుతుంది. కాబట్టి టికెట్ తీసుకునే ముందు అధికారిక వెబ్‌సైట్‌లో ఆ వారం ప్రకటనలు చూడాలి.

ఎండలు, వానలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం బయటి రైడ్ల క్యూలో నిలబడటం పిల్లలకు ప్రమాదకరం. వానాకాలంలో ఉరుములు, గాలివాన వస్తే ఎత్తైన రైడ్లు ఆపేస్తారు. అలా ఆపినప్పుడు డబ్బు వెనక్కి ఇస్తారా, మరో రోజు రానిస్తారా అన్నది టికెట్ షరతుల్లో ఉంటుంది. ముందే చదవాలి.

పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలవండి

పార్కుల్లో ఏ రైడ్ ఎక్కనిచ్చేదీ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. పెద్ద రోలర్ కోస్టర్లకు చాలాచోట్ల 140 సెంటీమీటర్లు కనీస హద్దు. టికెట్‌లో పిల్లల రాయితీ కూడా కొన్నిచోట్ల ఎత్తును బట్టి, కొన్నిచోట్ల వయసును బట్టి ఉంటుంది. బయల్దేరే వారం ముందు చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి పిల్లల ఎత్తు కొలవండి. పార్కు వెబ్‌సైట్‌లో ఒక్కో రైడ్ పక్కన రాసిన హద్దుతో పోల్చి, ఎవరు ఏది ఎక్కవచ్చో కాగితం మీద రాసుకోండి. ఇంట్లో అందరూ 140 సెంటీమీటర్ల లోపే ఉంటే భారీ రైడ్ల పేరు మీద ధర ఎక్కువగా ఉన్న పార్కుకు ఈ ఏడాది వెళ్లకపోవడమే మంచిది.

ఎత్తు మడమల చెప్పులు వేసి హద్దు దాటించాలని చూడకూడదు. సీటు మీద పడే లోహపు కడ్డీ, భుజాల పట్టీ ఆ ఎత్తు శరీరానికి సరిపోయేలా చేసినవి. పొట్టి పిల్లలు వాటి కింద నుంచి జారిపోయే ప్రమాదముంది. గర్భిణులు, గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, వెన్నెముక శస్త్రచికిత్స అయినవారు వేగపు రైడ్లకు దూరంగా ఉండాలి.

టికెట్ ధర ఒక్కటే ఖర్చు కాదు

ప్రకటనలో కనిపించే ధరలో పన్ను కలిసిందో లేదో చూడాలి. థీమ్ పార్కులు, నీటి పార్కుల టికెట్లపై జీఎస్టీని 2018 జనవరిలో 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. అయినా ఐదుగురి టికెట్ల మీద 18 శాతం చిన్న మొత్తమేమీ కాదు. దానికి లాకర్ అద్దె, డిపాజిట్, పార్కింగ్, లోపలి తిండి కలుస్తాయి. బయటి తిండి చాలా పార్కులు అనుమతించవు. పసిపిల్లల ఆహారం, మందులు, తాగునీళ్ల విషయంలో నియమమేమిటో ఫోన్ చేసి అడగడం మేలు.

రైడ్లు ఎక్కని నాయనమ్మకు కూడా పూర్తి టికెట్ పడుతుందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. కొన్ని పార్కుల్లో వృద్ధులకు రాయితీ ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ఏక్తా నగర్‌లో మాత్రం ప్రవేశ టికెట్, విగ్రహం ఛాతీ ఎత్తులోని గ్యాలరీ టికెట్, సఫారీ టికెట్ వేర్వేరు. పైకి వెళ్లనివారికి ప్రవేశ టికెట్ చాలు. ఆ గ్యాలరీలో ఒకేసారి సుమారు 200 మందే పడతారు. అందుకే సమయం కేటాయించి టికెట్లిస్తారు, సెలవుల్లో అవి ముందే అయిపోతాయి.

సైబర్ కేఫ్‌లోనో, తెలిసినవారి ఫోన్‌లోనో టికెట్ తీసుకుంటే తేదీ, సమయం, పేర్లు అక్కడే సరిచూసుకోవాలి. వెబ్‌సైట్ పార్కు సొంతదేనా, దాని పేరు పోలిన మరొకటా అన్నది కూడా చూడాలి.

నీటి పార్కుకు ఏ బట్టలు?

నీటి పార్కుల్లో నైలాన్, పాలిస్టర్ వంటి సింథటిక్ ఈత దుస్తులే అనుమతిస్తారు. చీర, సల్వార్, నూలు బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు. సింథటిక్ బట్టలకు దేశంలోనే పేరున్న సూరత్‌లో ఉండి పార్కు కౌంటర్‌లో అద్దె కట్టడం అనవసరం. పొడుగు చేతులు, మోకాళ్ల కిందిదాకా ఉండే ఈత దుస్తులు మార్కెట్లో దొరుకుతాయి. ఇంట్లోని ఆడవాళ్లు ఇబ్బంది లేకుండా నీళ్లలోకి దిగేలా వాటిని ముందే కొనుక్కోవచ్చు.

క్యూ లెక్క వేయడం ఎలా?

ఒక రైడ్‌లో ఒకసారి 20 మంది కూర్చుంటారనుకుందాం. ఎక్కించి, తిప్పి, దించడానికి 4 నిమిషాలు పడితే గంటకు 15 ట్రిప్పులు, అంటే 300 మంది. మీ ముందు 300 మంది ఉంటే గంట నిలబడాలి. క్యూ పొడవు చూసి భయపడటం కంటే ఒక ట్రిప్పులో ఎందరు ఎక్కుతున్నారో లెక్కపెట్టి, రెండు ట్రిప్పుల మధ్య ఎన్ని నిమిషాలో గడియారంలో చూస్తే నిజం తెలుస్తుంది.

గేటు తెరిచే సమయానికి అరగంట ముందే చేరాలి. చాలామంది గేటు దగ్గరున్న మొదటి రైడ్ దగ్గరే ఆగిపోతారు. ఇంట్లో అందరూ కోరుకున్న పెద్ద రైడ్ ఎక్కడుందో మ్యాప్‌లో ముందే చూసుకుని నేరుగా అక్కడికి వెళ్తే తొలి గంటలోనే రెండు మూడు ముఖ్యమైనవి అయిపోతాయి. అందరూ భోజనానికి కూర్చునేలోపే, పన్నెండు గంటలకల్లా తినేస్తే తిండి దగ్గర క్యూ తప్పుతుంది. ఎండ ఎక్కువగా ఉన్న వేళ లోపలి ప్రదర్శనలు చూసి, సాయంత్రం జనం తగ్గాక మళ్లీ రైడ్ల వైపు వెళ్లవచ్చు.

క్యూ తప్పించే ప్రత్యేక పాసులు ఇప్పుడు చాలా పార్కుల్లో ఉన్నాయి. డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ మొదలుపెట్టినప్పుడు అది ఉచితం, ఇప్పుడు అక్కడా డబ్బు కట్టాల్సిందే. మామూలు రోజున వెళ్లేవారికి ఆ పాసు దండగ. పండుగ రోజున తప్పక వెళ్లాల్సివస్తే మాత్రం, అందరికీ కాకుండా పెద్ద రైడ్లు ఎక్కేవారికే తీసుకోవచ్చు.

చంటిబిడ్డ ఉంటే తల్లిదండ్రుల్లో ఒకరు ఎక్కి వచ్చాక, రెండోవారిని మళ్లీ క్యూ లేకుండా ఎక్కిస్తారా అని రైడ్ దగ్గర సిబ్బందిని అడగండి. కొన్నిచోట్ల ఆ వీలు ఉంటుంది.

పిల్లలు తప్పిపోతే

తెలుగు మాధ్యమంలో చదివే చిన్నపిల్లలు గుజరాతీ, హిందీ, ఇంగ్లిష్ బోర్డులు వెంటనే చదవలేకపోవచ్చు. తన పేరు, అమ్మానాన్నల పేర్లు, ఉధ్నాలో ఉంటామన్న మాట హిందీలో చెప్పడం నేర్పాలి. ఫోన్ నంబరు రాసిన చీటీ జేబులో పెట్టాలి. నీటి పార్కులో చీటీ తడుస్తుంది కాబట్టి చెరగని పెన్నుతో చేతి మీద రాయాలి. లోపలికి వెళ్లగానే అందరూ కలుసుకునే చోటు ఒకటి చూపించి, యూనిఫాం వేసుకున్నవారినే సాయం అడగాలని చెప్పాలి.

భద్రత: అడగడానికి మొహమాటపడకూడదు

2019 మే 24న సూరత్ సర్థానాలోని తక్షశిల భవనంలో మంటలు చెలరేగి 22 మంది విద్యార్థులు చనిపోయారు. అదే ఏడాది జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో రైడ్ విరిగిపడి ఇద్దరు మరణించారు. 2024 జనవరి 18న వడోదర హరణీ చెరువులో పడవ బోల్తాపడి విహారయాత్రకు వచ్చిన 12 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. అదే ఏడాది మే 25న రాజ్‌కోట్‌లోని ఒక గేమ్ జోన్‌లో మంటలు 27 మందిని బలిగొన్నాయి. అక్కడ అగ్నిమాపక అనుమతి లేదు. సెలవు రోజున టికెట్ ధర తగ్గించడంతో జనం ఎక్కువగా వచ్చారు. ఆ తర్వాత గుజరాత్ ప్రభుత్వం రైడ్లు, గేమ్ జోన్లకు కొత్త భద్రతా నిబంధనలు తెచ్చింది.

నిబంధనలు అమలవుతున్నాయో లేదో కొంతవరకు సందర్శకులకూ కనిపిస్తుంది. నాలుగు గోడల మధ్య ఉన్న గేమ్ జోన్‌లో బయటికి రెండు దారులున్నాయా? లోపల వెల్డింగ్ పనులు జరుగుతున్నాయా? పడవలో ప్రతి పిల్లవాడికీ లైఫ్ జాకెట్ కట్టారా, పరిమితికి మించి ఎక్కిస్తున్నారా? రైడ్ కదిలేముందు సిబ్బంది ప్రతి సీటు లాక్‌ను చేత్తో లాగి చూస్తున్నారా? వీటిలో ఒక్కదానికి తృప్తికరమైన జవాబు దొరకకపోయినా ఆ రైడ్ వదిలేయాలి. జాతరల్లో తాత్కాలికంగా నిలబెట్టే రాట్నాలకు ఈ పరీక్ష మరింత అవసరం.

చున్నీ, చీర కొంగు, విరబోసుకున్న జుట్టు కూడా ప్రమాదమే. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలో గో-కార్ట్ నడుస్తుండగా జుట్టు చక్రంలో చిక్కుకుని ఒక యువతి చనిపోయింది. జడ వేసి ముడిచాకే, చున్నీ తీసి పక్కన పెట్టాకే ఇలాంటి వాహనం ఎక్కాలి.

డబ్బు కట్టాం కదా అని భయపడుతున్న పిల్లవాణ్ని బలవంతంగా రైడ్ ఎక్కించకూడదు. తొలిసారి వెళ్లిన కుటుంబం అన్ని రైడ్లూ ఎక్కి తీరాలన్న నియమమేదీ లేదు. ముందే రాసుకున్న వాటిలో నాలుగైదు తృప్తిగా చూసి, చీకటి పడకముందే పిల్లలతో తిరుగు ప్రయాణం మొదలుపెడితే చాలు. మర్నాడు మళ్లీ షిఫ్టుకు వెళ్లాల్సిన ఇంట్లో ఆ కొద్దిపాటి విశ్రాంతి కూడా ప్రణాళికలో భాగమే.