ది ఐడియా ఆఫ్ నార్త్

ది ఐడియా ఆఫ్ నార్త్ కెనడాకు చెందిన పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ (1932–1982) రూపొందించిన ప్రయోగాత్మక రేడియో కార్యక్రమం. దీనిని సీబీసీ రేడియో 1967 డిసెంబరు 28న ప్రసారం చేసింది. ఉత్తర కెనడాలోని ఏకాంత జీవితం దీని ఇతివృత్తం. గౌల్డ్ స్వయంగా 1964లో కచేరీలు మానుకొని స్టూడియోకు పరిమితమైనవాడు.

నిర్మాణ పద్ధతి

ఉత్తర ప్రాంతం ఎరిగిన అయిదుగురితో విడివిడిగా జరిపిన సంభాషణలను గౌల్డ్ టేపుపై నమోదు చేశాడు. ఆ టేపులను కత్తిరించి, అతికించి, ఒకరి మాటపై మరొకరి మాట వచ్చునట్లు కూర్చాడు. అందువలన వారందరూ ఒకే రైలులో ముచ్చటించుకొంటున్నట్లు శ్రోతకు తోస్తుంది. కచేరీలో తంబుర శ్రుతి వలె రైలు చప్పుడు వెనుక వినిపిస్తూ ఉంటుంది. చివరి భాగంలో సిబేలియస్ అయిదవ సింఫనీ వినవచ్చును.

బాఖ్ రచనలలో పలు స్వరధారలు ఏకకాలంలో సాగే పద్ధతి కౌంటర్‌పాయింట్. దానినే మాటలకు అన్వయించినందున గౌల్డ్ దీనిని 'కాంట్రపంటల్ రేడియో' అన్నాడు. గొంతులు కలిసినపుడు కొన్ని మాటలు అర్థం కావు. అయితే ప్రతి పదమూ స్పష్టంగా వినబడనక్కరలేదని ఆయన అభిప్రాయం.

తరువాతి కార్యక్రమాలు

- ద లేట్‌కమర్స్ (1969): న్యూఫౌండ్‌లాండ్ ప్రజల గురించి. ఇందులో రైలుకు బదులు సముద్రపు హోరు వినిపిస్తుంది.
- ద క్వయట్ ఇన్ ద లాండ్ (1977): మానిటోబాలోని మెనోనైట్ క్రైస్తవుల గురించి.

ఈ మూడింటినీ కలిపి 'సాలిట్యూడ్ ట్రిలజీ' (ఏకాంత త్రయం) అంటారు.